మోటారు గారి పెళ్ళిచూపులు

రిటైరైన మొగుడు సైకిలుకి మోటారు బిగించాలనుకోవడం ఆ ఇంటి ఇల్లాలికి పట్టిన అదృష్టం! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

అమెరికాలో, ఒహాయోలోని మా ఊరి ధాన్యం గోదాములో మా ఆయన వర్లిన్ లారీలు తూచి తూచి మొన్న మార్చిలో రిటైరయ్యాడు. మొదటి వారం నా వంటింట్లో సీసాలన్నీ అక్షర క్రమంలో సర్దాడు. రెండో వారం నేను గిన్నెలు తోమే పద్ధతిలో లోపాలు కనిపెట్టాడు. మూడో వారం, దేవుడు దయామయుడు, పోస్టులో ఓ డబ్బా వచ్చింది. అందులో చిన్న పెట్రోలు మోటారు! మామూలు సైకిలుకి బిగిస్తే తొక్కకుండానే పరుగెడుతుందట. ఇక కావలసిందల్లా ఒక సైకిలు.

ఒక్క సైకిలేగా అనుకుంటున్నారా? పాపం, మీకింకా లోకం తెలీదు.

డైనింగ్ టేబుల్ మీద పూల కూజా తీసేసి మోటారుని అక్కడ పెట్టాడు. పెళ్ళికొడుకు గారు ఆసీనులయ్యారు. ఇక శనివారం వస్తే చాలు, ఎవరి వాకిట్లో పాత సామాన్లు అమ్మకానికి పెట్టినా మా పికప్పు అక్కడ ఆగాల్సిందే. పెళ్ళిచూపులు! వర్లిన్ సైకిలు ముందు మోకరిల్లి, టేపు పెట్టి కొలిచి, మురిసిపోయి ఇంటికి తెస్తాడు. గరాజులో దించాక వంకలు మొదలు.

ఒకదాని గొట్టాలు లావు, మోటారు పట్టీ పట్టదు. ఇంకోటి అల్యూమినియం, మోటారు అదురుకి పగిలిపోతుందట. మరోదానికి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. అలాంటి దాని వెనక ఇరుసు లావుగా ఉండి మోటారు తాలూకు పళ్ళ చక్రం కూర్చోదు. ఒకటేమో ఆడవాళ్ళ సైకిలు, మధ్యలో కిందికి వంగిపోయింది, పెళ్ళికొడుక్కి చోటే లేదు.

"మొదటిసారి బిగించేవాడు సైకిలు దగ్గర పొరపాటు చేస్తే ఇక అంతే సంగతులట నోరీన్! ఇంటర్నెట్‌లో అందరిదీ ఒకటే మాట."

"నన్ను చేసుకునేటప్పుడు ఇంత విచారించావా?"

"అప్పుడు ఇంటర్నెట్ లేదుగా!"

చూశారా? అయినా నేనేమీ అనుకోలేదు. సంబంధం కుదరనన్నాళ్ళూ నా గిన్నెలు నా ఇష్టం. గరాజు నిండిపోయి నా కారు వానలో నానుతోందా? నాననివ్వండి.

రోజూ రాత్రి భోజనాల దగ్గర వర్లిన్ లక్షణాలు వల్లిస్తాడు. ఉక్కు ఫ్రేము. సన్నటి గొట్టాలు. మధ్యలో చోటు. రెండు బ్రేకులూ హ్యాండిల్ మీదే. ఒకరోజు అవన్నీ వింటూ ఫోర్కు నోటి దాకా తెచ్చి ఆగిపోయాను. ఇన్ని సుగుణాలున్న సైకిలు ఊళ్ళో ఒకటుంది. నాది!

ఆకుపచ్చది. పెళ్ళికి ముందే కొనుక్కున్నాను, మగవాళ్ళ సైకిలే. ఓసారి తిరునాళ్ళ మైదానం దగ్గర దాని గాలి పోతే, ఎవరో బక్కపల్చటి కుర్రాడు పంపుతో పరుగెత్తుకొచ్చాడు. ఆ కుర్రాడే వర్లిన్. ఇప్పటికీ సాయంత్రాలు దాని మీదే కాలువ గట్టున తిరిగొస్తాను. నాకంటూ మిగిలింది ఆ అరగంటే. దానికి మోటారు తగిలిస్తే పొగ, మోత, నూనె మరకలు. నా సైకిలు నాకు కాకుండా పోతుంది.

అందుకే వంకలు పెట్టడంలో నేనూ చెయ్యి వేశాను. "అయ్యో, ఇక్కడ తుప్పు చూడవయ్యా! రిమ్ము కాస్త వంకరగా లేదూ?" గరాజు ఖాళీ చెయ్యడానికి, లావు గొట్టాల సైకిలుని మా స్నేహితురాలు గ్లెండా వాకిట్లో అమ్మకానికి పెట్టించాను కూడా. శనివారం వర్లిన్ కేకలేస్తూ వచ్చాడు.

"దొరికింది నోరీన్! గ్లెండా దగ్గర! ఇన్నాళ్ళకి దొరికింది!"

"గొట్టాలు లావు కదయ్యా."

కొలిచాడు. మొహం వాడిపోయింది. "నీకెలా తెలుసు?"

ఇంత వెతికినవాడు నా సైకిలు వంక చూడలేదా అంటారా? అది అదే గరాజులో, అదే గోడకి ఆనించి ఉంటుంది! కొత్త సైకిలు తెచ్చినప్పుడల్లా తన చేత్తోనే దాన్ని పక్కకి జరుపుతాడు. మొదట్లో దేవుడికి దండాలు పెట్టుకున్నాను. నాలుగైదు సార్లయ్యాక నాకు ఒళ్ళు మండటం మొదలైంది. చూడకపోతే చాలనుకున్నదాన్ని, చూడడేమని కుళ్ళిపోయాను. ఇదేం న్యాయమో నాకూ తెలీదు!

మొన్న ఆదివారం చర్చి విందుకి చేసిన బంగాళాదుంపల సలాడ్ గిన్నెతో గరాజులోకి వచ్చాను. వర్లిన్ మోకాళ్ళ మీద ఉన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంత అందం! ఇన్నాళ్ళూ నా ఇంట్లోనే పెట్టుకుని చూడలేకపోయానే!"

సిగ్గు విడిచి చెబుతున్నాను, నా చెయ్యి జుట్టు సర్దుకోవడానికి వెళ్ళింది.

"నోరీన్, ఈ ఆకుపచ్చ సైకిలెవరిది?"

సలాడ్ గిన్నె ఆయన చేతిలో పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాను.

"ఆగు! ఆగవోయ్! వెనక ఇరుసు ఒక్కసారి చూడనీ!" అంటూ ఆ వంగిపోయిన ఆడవాళ్ళ సైకిలేసుకుని రొప్పుతూ వెంటపడ్డాడు. చర్చికి సలాడ్ చేరలేదు.

అప్పట్నించీ రోజూ కాలువ గట్టున నా వెనకే వస్తున్నాడు. నా అరగంట కాస్తా పోయింది.

"మోటారు ఒక్కసారి ఆనించి చూస్తానోయ్."

"ఆనించనివ్వను."

"పోనీ కొలవనీ."

"కొలవనివ్వను."

నిన్న మాత్రం వెనక నుంచి మెల్లిగా, "దీనికి ఎప్పుడో నేనే గాలి కొట్టినట్టున్నానే?" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. కాస్త నెమ్మదిగా తొక్కాను.

కాబట్టి అమ్మలారా, మీ ఆయనకి ఇవాళే ఒక మోటారు కొనిపెట్టండి. తగిన సైకిలు మాత్రం చచ్చినా ఇవ్వకండి! మా వర్లిన్ దారి పొడుగునా ఆకుపచ్చ సైకిలు మీంచి చూపు తిప్పడు. పోనీలెండి, దాని మీద కూర్చున్నది నేనేగా!