రబ్బరే కదా, సాగుతుంది

"వానలు మొదలయ్యేలోపు ఈ నగరంలో పూడిక అనే మాట నిఘంటువులో తప్ప ఇంకెక్కడా కనపడదు" అని మా కాలువల మంత్రిగారు ప్రకటించిన రోజు నేను చప్పట్లు కొట్టాను. ఉద్యోగం కోసం కాదు, మనస్ఫూర్తిగానే. ఆయన మొట్టమొదట పూడిక తీయిస్తానన్నది మా పెద్దమ్మ ఉండే సందులోనే మరి.

పెద్దమ్మ బట్టలు కుడుతుంది. ఆవిడ కొట్టు రోడ్డుకి రెండు మెట్లు కిందికి ఉంటుంది. పోయిన వానల్లో కాలువ పొంగి మోటారు కుట్టుమిషన్ నీళ్ళు తాగి చచ్చింది. ఇక మిగిలింది చేత్తో తిప్పే పాతది ఒక్కటే. అదీ మునిగితే ఆవిడకి మిగిలేది సూది.

ఆ సందులో పట్టేది మా షెడ్డులోని బుల్లి ఎక్స్‌కవేటర్ మాత్రమే. చక్రాల చుట్టూ పట్టీల్లా తిరిగే దాని రబ్బరు ట్రాక్‌లు రెండూ తెగి, లోపలి ఉక్కు తీగలు మీసాల్లా బయటికొచ్చాయి. కొత్తవి కొనాలి. సైజు చెప్పడానికి డిప్లొమా ఉన్న నన్ను సమీక్షా సమావేశానికి పిలిచారు.

"మూడు అంకెలు సార్," అన్నాను. "వెడల్పు మూడు వందల మిల్లీమీటర్లు. లోపలి వైపు పళ్ళలాంటి దిమ్మెలుంటాయి. ఒక దిమ్మె మధ్య నుంచి పక్క దిమ్మె మధ్యకి యాభై రెండున్నర, దాన్ని పిచ్ అంటారు. చుట్టూ కలిపి ఎనభై దిమ్మెలు. మూడూ కుదిరితేనే ఎక్కుతుంది."

"ఎవరు చెప్పారు?" అన్నారు ఆర్థిక సలహాదారుగారు.

"ట్రాక్ మీదే అచ్చు పోసి ఉంది సార్."

"ఆ అచ్చు మీద సంతకం ఉందా?"

లేదు. అందరూ నావైపు జాలిగా చూశారు.

మంత్రిగారు కలగజేసుకున్నారు. "పక్కన లోడర్ ఖాళీగా ఉందిగా. దాని ట్రాక్ తీసి దీనికి వేసేయండి."

"అది ఇంకా వెడల్పు సార్. పిచ్ కూడా వేరు. దీని చక్రం పళ్ళు అందులో కూర్చోవు."

"కూర్చోకపోవడమేంటి? మనం కూర్చోమంటే ఎవరైనా కూర్చుంటారు."

అప్పుడు సలహాదారుగారు పొదుపు ఉత్తర్వు గుర్తుచేశారు. ఏం కొన్నా ఐదు శాతం కోత పెట్టాలి. నేను ధరలో కోత అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడు అంకెల్నీ కోసేశారు. వెడల్పు రెండు వందల ఎనభై ఐదు, పిచ్ యాభై, దిమ్మెలు డెబ్భై ఆరు.

"చూశారా, ఏ అంకెకీ అన్యాయం జరగలేదు," అన్నారు మంత్రిగారు.

"సార్, కోత ధరలో పెట్టాలేమో..."

"ధర జోలికి పోకమ్మా. అది సప్లయర్‌గారి మనోభావాలకు సంబంధించిన విషయం."

సప్లయర్‌గారు మహానుభావుడు. మూడు మూలల ట్రాక్ అడిగినా పోయించి పంపుతాడు గానీ, ఎందుకని మాత్రం అడగడు. వారంలో ట్రాక్‌లు దిగాయి. నిగనిగలాడుతున్నాయి. దాదాపు మూరెడు పొట్టిగా ఉన్నాయి.

ఎక్కించడానికి షెడ్డులో ఉన్నవాళ్ళందరం గునపాలు పట్టుకుని వేలాడాం. మంత్రిగారు స్వయంగా వచ్చి పర్యవేక్షించారు.

"లాగండయ్యా! రబ్బరే కదా, సాగుతుంది."

"సాగదు సార్. లోపల ఉక్కు తీగలుంటాయి."

మంత్రిగారు నిర్ఘాంతపోయారు. "రబ్బరులో ఉక్కా? కల్తీ!"

అక్కడికక్కడే విచారణకు ఆదేశించారు. ఇంత చురుకైన నాయకుణ్ణి నేను మళ్ళీ చూడబోను.

కానీ ప్రారంభోత్సవం ఆగదుగా, కెమెరాలు బయల్దేరాయి. క్రేన్‌తో మెషిన్‌ని ఎత్తి, పెద్దమ్మ గుమ్మం ముందు దించారు. కొత్త ట్రాక్‌లు పక్కన ఆనించారు, దూరం నుంచి తొడిగినట్టే ఉన్నాయి. మంత్రిగారు లివర్ లాగి బకెట్ నిండా పూడిక తీశారు.

"సార్, వెలుతురు సరిగా పడలేదు, ఇంకోసారి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

పూడికని మళ్ళీ కాలువలో పోసి మళ్ళీ తీశారు. అలా ఫొటో బాగా వచ్చేదాకా. ఆఖరి బకెట్ కూడా కాలువలోకే పోయింది. తర్వాత క్రేన్ వెళ్ళిపోయింది.

"ఏమే, ఈ గండం నా గుమ్మం ముందు నుంచి ఎప్పుడు కదులుతుంది?" అంది పెద్దమ్మ.

"విచారణ అయ్యాక, పెద్దమ్మా."

"దేని మీద విచారణ?"

"రబ్బరులో ఉక్కు ఎవరు కలిపారని."

పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నిన్ను చదివించిన డబ్బుతో ఇంకో కుట్టుమిషన్ కొన్నా బాగుండేది."

ఆ వారమే వాన పడింది. కాలువ పొంగి, మెట్లు దిగి, కొట్టులోకి నడుచుకుంటూ వచ్చింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి పెద్దమ్మ కుట్టుమిషన్‌ని చంటిపిల్లలా చంకనేసుకుని ఎక్స్‌కవేటర్ క్యాబిన్‌లోకి ఎక్కేసింది. వీధిలో పొడిగా ఉన్న చోటు అదొక్కటే. పైకప్పుంది, అద్దాలున్నాయి, సీటుకి మెత్త కూడా ఉంది. రెండు లివర్ల మధ్య చెక్క వేసి, దాని మీద కుట్టుమిషన్ పెట్టి పని మొదలుపెట్టింది.

"నా జాకెట్లు ఎప్పుడిస్తావక్కా?" అని అరిచింది ఎదురింటావిడ మేడ మీంచి.

"ఎక్కడికి పోతానే! బండికి కాళ్ళు లేవు, నాకు దిగే దారి లేదు. రేపు తీసుకో."

ఎవరో ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ: "మహిళలకు ఎత్తైన ఉపాధి. మంత్రి దూరదృష్టి."

మధ్యాహ్నానికి ఆయనే వచ్చారు, ప్యాంటు మడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలో.

"అమ్మా, సౌకర్యంగా ఉందా?"

"నా కొట్టు మునిగింది నాయనా."

"ఇదే మీ కొట్టు అనుకోండి. అద్దె కూడా లేదు."

పెద్దమ్మ నోట్లోని సూది తీయకుండా ఏదో అంది. నీళ్ళ చప్పుడులో ఆయనకి వినపడలేదు. నాకు వినపడింది, ఇక్కడ రాయను.

మంత్రిగారు నావైపు తిరిగారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అమ్మాయ్, ఈ పథకం ఒక్క సందుకే పరిమితం కాకూడదు. మిగతా వార్డుల్లో ఇంకా తిరుగుతున్న మెషిన్లున్నాయిగా? అన్నిటికీ ట్రాక్‌లు పీకించు. సాయంత్రంలోపు."

"ఏ సైజువి పీకించమంటారు సార్?"

ఆయన నొచ్చుకున్నారు. "ఉపాధి విషయంలో కూడా సైజులేంటమ్మా?"