ఖిచిడీ గోలు

ఆదివారం మ్యాచ్ కోసం లతీఫ్ ఒక కుట్ర పన్నాడు. పంపుల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీం కోచ్ రామలింగేశ్వరరావును చిట్కుల్‌లోని తన ఇంటికి నాష్తాకు పిలిచి, ఆట అయ్యేదాకా కదలనివ్వకూడదు.

టీం ఈ ఏడు ఒక్క గోలు కొట్టలేదు మరి. రామలింగేశ్వరరావు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. గ్రౌండులోనూ అదే బుద్ధి. ప్రమాదమున్న చోటికి మనిషి పోకూడదు, అవతలి గోలు ప్రమాదం కిందే లెక్క. బంతి దొరికితే దూరంగా తన్ని, అందరూ వెనక్కి పరుగెత్తి గోడ కట్టాలి. ఈసారీ ఒక్క గోలైనా పడకపోతే టీం రద్దు, గ్రౌండులో లారీలు నిలుపుతామని యాజమాన్యం చెప్పేసింది. వాళ్లకు మనుషుల ఆటకన్నా లారీ ముద్దు. ఫిట్టర్ లతీఫ్‌కు వారం మొత్తంలో గొంతెత్తి అరిచే చోటు ఆ గ్రౌండు ఒక్కటే.

ముందు రోజే ఫార్వర్డ్ పాండును పట్టుకున్నాడు. "రేపు కోచ్ రాడు. నువ్వు ముందలనే ఉండాలె."

"ముందల ఏముంటది లతీఫ్ భాయ్? నేనెన్నడు సూడలే."

ఇంట్లో భార్య అక్తరీ బేగం ఖిచిడీలోకి గిన్నె నిండా ఖీమా కలుపుతూ అడిగింది. "ఒక్క మనిషికి గింత ఎందుకు?"

"కడుపు నిండితే కదలడు."

తలుపు తీస్తే కోచ్. ఆయన వెనక టీం మొత్తం.

"మావాళ్లని వదిలేసి నేనొక్కణ్ణే తింటే బాగోదు కదండీ లతీఫ్ గారూ. నాకు ఉత్త ఖిచిడీ చాలండి. ఆ మాంసం వాళ్లకి పెట్టండి."

క్యాంటీన్ అన్నం తిని బతికేవాళ్లు. విడుస్తారా? పాండు మూడోసారి పళ్లెం చాపాడు.

"ఇగ చాలురా, ఉరకాలె" అన్నాడు లతీఫ్.

"ఇంటికొచ్చినోళ్లను తినొద్దంటవా? షరమ్ లేదా?" అని అక్తరీ బేగం ఇంకో పొయ్యి కూడా వెలిగించింది.

మ్యాచ్ సగం కాకుండానే మూడు గోలులు పడ్డాయి. అన్నీ మన గోలులోనే. "వెనక్కి, వెనక్కి" అని కోచ్ అరుస్తున్నాడు. ఎవరికీ కాళ్లు లేవడం లేదు. బంతి వెంట పోయిన పాండు అవతలి గోలు ముందే పొట్ట పట్టుకుని నిలబడిపోయాడు.

"పాండూ, రావయ్యా వెనక్కి."

"నాతోని కాదు సార్. జెర ఆగున్రి."

అవతలి డిఫెండర్ తన గోల్‌కీపర్‌కు బంతిని వెనక్కి తన్నాడు, చూడకుండానే. పంపుల ఫ్యాక్టరీ మనిషి అక్కడ ఉంటాడని ఎవరనుకుంటారు? బంతి పాండు పొట్టకు తగిలి, మెల్లగా దొర్లి, గోలులో పడింది.

మూడు ఒకటితో ఓడిపోయారు. గెలిచినవాళ్లు బిత్తరపోయి చూస్తుండగా ఓడినవాళ్లు పాండును భుజాల మీద ఊరేగించారు. లతీఫ్ ఏడ్చేశాడు. టీం నిలిచింది, లారీలు బయటే ఉన్నాయి.

కోచ్ వచ్చి లతీఫ్ చేతులు పట్టుకున్నాడు. "అంతా మీ ఆవిడ చేతి చలవండి. ఇక నుంచి ప్రతి ఆదివారం టీం మీ ఇంట్లోనే తింటుంది."

ఇంటికొచ్చి చెబితే అక్తరీ బేగం ఉల్లిగడ్డల బుట్ట ముందుకు తోసింది. "గోలు గోలు అని పానం తీస్తివి కద. కొయ్యి."

ఆటంటే దాడే అని ఇన్నేళ్లూ వాదించిన లతీఫ్, మరుసటి ఆదివారం తలుపుకు లోపల గొళ్లెం పెట్టుకున్నాడు.