ఉప్పు పన్ను కట్టిన సముద్రపు పువ్వు

సముద్రం లేని ఊళ్ళో సముద్రపు పువ్వును పెంచడం మనిషి చేయగలిగిన పనులన్నిటిలోకీ గొప్పది. ఏనుగును పెంచేవాళ్ళను నేను లెక్కచేయను. వాళ్ళకు కనీసం ఏనుగు కనిపిస్తూ ఉంటుంది. సముద్రపు పువ్వు అట్లా కాదు; బుద్ధి పుడితే విచ్చుకుంటుంది, లేకుంటే నిమ్మకాయంత ముద్దై మూల కూర్చుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకు "ఇది పువ్వే, నమ్మండి" అని మనం చెప్పుకోవాలి. అంత గొప్ప పని చిత్తూరులో, పెద్ద యుద్ధం ముగిసిన ఏడాది, మా ఇంట్లో జరిగింది.

మా ఆయన దామోదరం ధాన్యం కచేరిలో తాత్కాలిక గుమాస్తా. యుద్ధమొచ్చిందని సర్కారు బియ్యానికీ చక్కెరకూ కిరసనాయిలుకూ కార్డులు పెట్టింది, ఆ కార్డులు రాయడానికి కచేరి పెట్టింది. యుద్ధం పోయింది. (బియ్యం మాత్రం రాలేదు.) ఇంతమంది గుమాస్తాలు ఎందుకని పైవాళ్ళకు అప్పుడు తోచింది. ఒక్కొక్కరినే ఇంటికి పంపగా చివరికి ఇద్దరు మిగిలారు, మా ఆయనా, ధనంజయ అనే ఇంకో ఆయనా. ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం ఖాయం, రెండోవారికి ఇల్లు ఖాయం. ఎవరికేదన్నది తేల్చవలసింది ఆఫీసరు గారు.

ఆఫీసరు గారు మద్రాసు నుంచి బదిలీ మీద వస్తూ సామాన్లతోపాటు ఒక గాజు తొట్టి తెచ్చుకున్నారు. దాన్ని బంగళా ముందుగదిలో నీళ్ళు పోసి పెట్టారు. ఒకనాడు కచేరి జనమంతా ఉండగా ఆయన దాన్ని చూసి, "ఇందులో ఒక సీ ఎనిమోన్ ఉంటే ఎంత శోభగా ఉండును!" అని నిట్టూర్చారు. (సముద్రపు పువ్వుకు అది ఇంగ్లీషు పేరు.) సర్కారు కొలువులో ఆఫీసరు ఆర్డరును కాగితం మీద చూసి పాటిస్తారు, నిట్టూర్పును మాత్రం పరుగెత్తి పాటిస్తారు. పైగా ఆ రోజుల్లో ఆఫీసరు ఎదుటికి ఎవరూ ఒట్టి చేతులతో పోయేవాళ్ళు కారు. సెలవు అడగాలంటే నిమ్మకాయ, బదిలీ ఆపాలంటే అరటిగెల. ఉద్యోగం ఖాయం కావాలంటే ఏమివ్వాలో ఏ రూలులోనూ లేదు, కాబట్టి ఎంతైనా ఇవ్వవచ్చు.

ధనంజయ ముందే మేలుకున్నాడు. బెంగుళూరుకు పోయి రెండు బంగారు రంగు చేపలు కొని, ఇత్తడి బిందెలో వేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. పలమనేరు చలికి చేపలకు జలుబు చేస్తుందని బిందెకు మఫ్లరు కూడా చుట్టాడట. ఆ చేపలు తొట్టిలో తిరుగుతుంటే ఆఫీసరు గారు ధనంజయను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఆ వేళ మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"బూదమ్మను అమ్మాల్సిందే" అన్నారు.

బూదమ్మ మా ఆవు. బూడిద రంగు, సాధువు, మా పిల్లలందరూ దాని పాలతోనే పెరుగుతున్నారు.

"ఆవునమ్మి ఏం కొంటారు?"

"సముద్రపు పువ్వు. నీళ్ళడుక్కు మునిగి తేవల్లంట. మద్రాసులో రాజారత్నం అనే ఆయన అమ్ముతాడు. ఆవూ దూడా కలిపితేనే దాని రేటు."

"అంత రేటుకు ఏమన్నా బంగారు పువ్వా అది?"

"కాదే. ప్రాణముండే పువ్వు."

"పాలిస్తాదా?"

"ఉద్యోగమిస్తాది."

మా అత్త ఆదిలక్ష్మమ్మ గోడ వైపు తిరిగి, "కొండమీద సామికి మొక్కుకున్నా ఇంతకన్నా సులువుగా పొయ్యేదిరా నాయనా" అంది. మా ఆయన వినలేదు. పక్కవీధి ఎల్లప్ప, ఉప్పుపన్ను వసూలు చేసే ఇన్‌స్పెక్టరు, ఆవునూ దూడనూ కొని తోలుకుపోయాడు. వాళ్ళావిడ గంగులమ్మ గడప దగ్గర దానికి పసుపు రాసి లోపలికి తీసుకుంది.

రాజారత్నం దుకాణం వాళ్ళు డబ్బు ముందే తెప్పించుకుని, నిబంధనలు తర్వాత పంపించారు. రంగుకు పూచీ దుకాణానిది, ప్రాణానికి పూచీ కొన్నవారిది. సరుకు చచ్చి చేరితే, దాన్ని ప్రాణంతో తిరిగి పంపిన పక్షంలో డబ్బు వాపసు. మా ఆయన ఆ చివరి మాటను మళ్ళీ మళ్ళీ చదివి చాలా న్యాయంగా ఉందన్నారు. (ఆయన సర్కారు గుమాస్తా కదా.)

సరుకు కాట్పాడిలో రైలు మారి మా ఊరు చేరింది. ఆవునిచ్చి కొన్నదాన్ని కళ్ళతో చూడాలని నేనూ స్టేషనుకు వెంట పోయాను. మూతికి గుడ్డ కట్టిన జాడీ. పార్సిల్ గుమాస్తా గోవిందయ్య గుడ్డ విప్పి లోపలికి తొంగి చూసి కలం తీశాడు.

"ఇది పువ్వా, జంతువాప్పా?"

"పువ్వే" అన్నారు మా ఆయన.

"పువ్వైతే బుట్టలో రావల్ల. జాడీలో వచ్చిందేమి?"

"నీళ్ళు లేకుంటే సస్తాది."

"సస్తాదంటే జంతువు. కాళ్ళెన్ని?"

"కాళ్ళు లేవు. రేకులుండాయి."

"రేకులుంటే పువ్వు. తింటాదా?"

"తింటాది."

"తింటే జంతువు. కాళ్ళెన్నో సెప్పు, ఈ గడి ఖాళీగా ఇడిస్తే నా ఉద్యోగం పోతాది."

ఇట్లా కొంతసేపు అది గోవిందయ్య బల్లమీద పువ్వవుతూ జంతువవుతూ గడిపింది. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. జాడీ ఉంది, ఉప్పునీళ్ళున్నాయి, అడుగున గుండ్రంగా ఒకటుంది. "ఊరగాయ" అని రాసి ముద్ర కొట్టాడు. మేం సంతోషంగా జాడీ ఎత్తుకున్నాం.

మా దురదృష్టం, ఎల్లప్ప ఆ వేళ స్టేషను డ్యూటీలో ఉన్నాడు. చీటీ చదివి జాడీ కింద పెట్టించాడు.

"మద్రాసు నించి చిత్తూరుకు ఊరగాయా? బంగారుపాళ్యం మామిడికాయంతా మన వాకిట్లోనే ఉండాది. మన ఊరికి ఊరగాయ తెప్పించుకునేవాడు యాడన్నా ఉంటాడా దామోదరం? ఇందులో వేరే ఏదో ఉండాది" అన్నాడు.

ఇంత తెలివైన మాట సర్కారు మనిషి నోటినుంచి నేను మళ్ళీ వినలేదు. అతను వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ముఖం గంభీరమైంది.

"సముద్రం నీళ్ళు. ఇందులో ఉప్పుండాది. పన్ను కట్టినారా?"

"నీళ్ళకు పన్నేందన్నా?"

"నీళ్ళకు లేదు. ఉప్పుకుండాది. ఎంతుండాదో తూస్తేగాని తెలీదు. తూయాలంటే ఇగరబెట్టల్ల."

ఎల్లప్ప పనిచేసేది 'ద్రవరూప లవణ విచారణ ఉపశాఖ'లో. అక్కడ పొయ్యి ఉంది, త్రాసు ఉంది, రెండిటి మధ్య కూర్చోవడానికి ఒక బంట్రోతు ఉన్నాడు. మరి నీళ్ళు ఇగిరేదాకా పువ్వును ఎక్కడ పెట్టాలి? రూలు ప్రకారం నేలమీద. నేను ఏడుపు మొహం పెట్టేసరికి ఎల్లప్పకు జాలేసింది. మా ఆయన మధ్యాహ్నం తినే టిఫిను గిన్నెలో కాసిని సముద్రం నీళ్ళు పోసుకుని పువ్వును అందులో ఉంచుకోమన్నాడు. "టిఫిను గిన్నెలో ఉండేది భోజనం. భోజనంలో ఉప్పుకు పన్ను లేదు" అన్నాడు. మంచివాడే.

జాడీలోని సముద్రం సాయంత్రానికి ఇగిరిపోయింది. ఉప్పు తూచి, పన్ను కట్టించుకుని, పొట్లం కట్టి, లక్క ముద్ర వేసి ఇచ్చారు. టిఫిను గిన్నె ఒక చేత్తో, సముద్రం పొట్లం ఇంకో చేత్తో పట్టుకుని ఇల్లు చేరాం.

మా అత్త జాడీలో పాత గుర్తు దాకా బావినీళ్ళు పోసి, పొట్లం విప్పి కలిపి, ఒక చుక్క నోట్లో వేసుకుంది. "మామిడి పిందెలు ఊరేసేదానికైతే ఇంకా పడల్ల" అంది. ఆపై పువ్వును వదిలాం. పొద్దున లేచి చూస్తే విచ్చుకుని ఉంది. ఎట్లా చెప్పను! ముద్దమందారం లాంటి ఎరుపు, చివర్లలో పసుపు, గాలి లేకుండానే మెల్లగా ఊగే రేకులు. పాలు లేవని ఏడుస్తున్న పిల్లలు ఏడుపు మరిచి కూర్చున్నారు. నేనూ బూదమ్మను ఒక గడియ మరిచిపోయాను. మా అత్త ఏమనుకుందో, కుంకుమ పెట్టబోయి వేలు ముంచింది. అది వేలును గట్టిగా పట్టుకుంది. విడిపించుకుని, వేలు కొంగుతో తుడుచుకుంటూ, "ఖాయంగా సర్కారు సరుకే" అంది.

ఆదివారం పట్టుపంచె కట్టుకుని మా ఆయన జాడీతో బంగళాకు పోయారు. తిరిగొచ్చేటప్పటికి ముఖాన నెత్తురు లేదు.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు. శానా సంతోషించినారు."

"మరేంది?"

"తొట్టిలో ఏసేసినారు. అది చేపల తొట్టి. బావినీళ్ళే. సప్పటి నీళ్ళు."

"ఉప్పునీళ్ళు కావల్లని సెప్పలేదా మీరు?"

మా ఆయన నా వైపు జాలిగా చూశారు. "అడక్కుండా ఎట్ల సెప్పేదే? నీకు తెలీదు దొరా అన్నట్టుండదా? అధికప్రసంగం అంటారు."

"అది సస్తాదే!"

"అందుకే రాసుకొచ్చినా" అని జేబులోంచి అర్జీ తీశారు.

కింది గుమాస్తా ఆఫీసరు గారికి నేరుగా ఏదీ చెప్పకూడదు. చెప్పదలిచింది రాసి హెడ్ గుమాస్తాకు ఇవ్వాలి. "తొట్టిలో ఉప్పు లేదు" అని మా ఆయన రాసింది చదివి హెడ్ గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. ఆఫీసరు గారి ఇంట్లో ఒకటి లేదని కాగితం మీద పెడతావా అని కసిరి, "ఉప్పు ఉన్నచో మరింత శోభగా ఉండునని తోచుచున్నది" అని మార్పించాడు. తర్వాత, సర్కారు బంగళాలో ఉప్పునీళ్ళు నిలవ చేయడానికి అభ్యంతరమేమన్నా ఉందా అని ఎల్లప్ప ఉపశాఖకు పంపాడు. అక్కడ అర్జీ విచారణలో ఉండగా తొట్టిలో పువ్వు ముడుచుకుంది, తర్వాత నలిగింది, తర్వాత జిగురై కరిగిపోయింది. బంగళా బంట్రోతు ఆ జిగురును పీచుతో తుడిచేశాడు. మా ఆయన రోజూ కచేరిలో కూర్చుని కార్డులు రాస్తూనే ఉన్నారు. పిల్లలకు నేను గంజి పోసేదాన్ని.

చివరికి ఒకనాడు, అభ్యంతరం లేదన్న ముద్రతో, అర్జీ ఆఫీసరు గారి బల్లమీదికి చేరింది. ఆయన క్షుణ్ణంగా చదివారు. సర్కారు కాగితం అన్ని మెట్లూ ఎక్కి వచ్చాక దాన్ని తోసిపుచ్చే అధికారం ఆఫీసరుకు కూడా ఉండదు. "వెంటనే ఉప్పు వేయవలెను" అని ఆర్డరు వేశారు. బంట్రోతు తొట్టిలో రాళ్ళుప్పు మూకుడు మూకుడుగా పోశాడు. అప్పుడు తొట్టిలో ఉన్నవి ధనంజయ చేపలు మాత్రమే. అవి కాసేపు తిరిగి, వెల్లకిలా తేలాయి. అర్జీ మీద "తగు చర్య తీసుకోబడినది" అని రాసి కట్ట కట్టేశారు.

ఇక ఆఫీసరు గారి ముందు మా ఆయనా ధనంజయా సమానమయ్యారు. ఒకరి పువ్వు లేదు, ఇంకొకరి చేపలు లేవు. పక్షపాతం చూపడం ఇష్టం లేక ఆ ఉద్యోగం తన మేనల్లుడికి ఇచ్చారు. (ఆ అబ్బాయి తొట్టిలో ఏమీ వేయలేదు. ఆ వివేకమే పనికొచ్చిందని కచేరిలో అందరూ మెచ్చుకున్నారు.) ధనంజయ బెంగుళూరు పోయాడు. మా ఆయన బెల్లం మండీలో కుదిరారు. అక్కడ ఈగలెక్కువ గానీ, బెల్లం బాగాలేకుంటే బాగాలేదని నోరు తెరిచి చెప్పవచ్చట. ఆ సుఖానికి అలవాటుపడటానికి ఆయనకు చాలా కాలం పట్టింది.

పిల్లలకు పాలు కావాలంటే నేను ఎల్లప్ప ఇంటికే పోవాలి. బూదమ్మ నన్ను చూసి తాడు తెంపుకునేలా గుంజేది. గంగులమ్మ దాని వీపు తట్టి, లోపలికి పోయి, పాలు తెచ్చి నా చెంబులో పోసేది. చెంబు అడుగు కనిపించేది. ఆ ఆవు పాలు ఎంత చిక్కగా ఉంటాయో దాన్ని పెంచినదాన్ని నాకు తెలియదా? ఒకనాడు ఎల్లప్ప అరుగు మీదే కూర్చుని ఉంటే ఉండబట్టలేక చెంబు ఆయన ముందు పెట్టాను.

"ఏమన్నా, ఈ పాలు గూడా మీ పొయ్యిమింద పెట్టి ఇగరబెట్టి సూడగూడదా? నీళ్ళెన్నో తేలిపోతాది."

ఎల్లప్ప కోప్పడలేదు. చెంబులో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు.

"ఉప్పు లేదు కదమ్మా" అన్నాడు మర్యాదగా. "ఉప్పు లేని నీళ్ళు మా శాఖ కిందికి రావు."