పొందూరు కండువా, పాత బ్యాటరీలు

ఆ రోజు తెల్లవారుతూనే నరసింగరావు పెట్టె అడుగున దాచుకున్న పొందూరు ఖద్దరు పంచె, కండువా బయటికి తీశాడు. గాంధీ శతజయంతి రిబేటులో కొని, ఈ రోజు కోసమే మడత విప్పకుండా ఉంచాడు. నాగావళి ఒడ్డున తను గుమాస్తాగా ఉన్న బస్సుల కంపెనీలో స్టోర్సు చూసే జోగయ్య ఇవాళ రిటైరవుతున్నాడు. కంపెనీ షావుకారు సూరయ్యగారు స్వయంగా వచ్చి, జోగయ్యకి కండువా కప్పి, అతని మొలనున్న తాళాల గుత్తి తీసి ఇంకొకరి చేతిలో పెడతారు. ఆ చెయ్యి తనదే కావాలని నరసింగరావు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. కిందటి ఏడాది వరకూ అందులో అనుమానమే లేదు. అప్పుడు విజయనగరం నుంచి సోములు ఊడిపడ్డాడు.

సోములు వయసులో చిన్న, సర్వీసులో మరీ చిన్న. అప్పటిదాకా బస్సుల నుంచి తీసేసిన పాత బ్యాటరీలు టైర్ల మధ్యా గోడ పక్కనా ఎక్కడ పడితే అక్కడ పడుండేవి. సోములు వాటన్నిటినీ వెనక రేకుల షెడ్డులోకి చేర్పించాడు. కింద చెక్కలు పరిపించి, మూతలు బిగించి, ఒక్కొక్కటీ నిటారుగా నిలబెట్టించాడు. ఏదైనా ఒలికితే చల్లడానికి పక్కన ఇసక తొట్టి, సున్నం కుండ పెట్టాడు. విశాఖపట్నం నుంచి లారీ వచ్చి వాటిని పట్టుకుపోతుంది, వాటిలోని సీసం కరిగించి మళ్లీ కొత్త బ్యాటరీలు చేస్తారు. షావుకారు ఆ షెడ్డు చూసి, "బుర్రున్నోడివిరా" అన్నారు.

ఆ మాట నరసింగరావు గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది. తన ఇన్నేళ్ల సర్వీసులో షావుకారు తన బుర్ర గురించి ఎప్పుడూ ప్రస్తావించలేదు. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా సోములు మాటే. భార్య నారాయణమ్మ వినీ వినీ విసిగిపోయి, "నువ్వు అన్నం తింతన్నావా, సోముల్ని నవుల్తన్నావా?" అని అడిగేసింది.

ఆ మధ్య సోములు ఆఫీసువాళ్లందర్నీ పిలిచి, బ్యాటరీలో ఉండే ఆసిడ్డు గురించి ఒక గంట ఊదరగొట్టాడు. అది ఒంటికి తగిలితే ఏమవుతుందో, బట్టకి తగిలితే ఏమవుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. సరిగ్గా ఆ గంటా నరసింగరావు కిటికీ వైపు తిరిగి పెన్సిలు చెక్కుకున్నాడు. సోములు నోట వచ్చింది తన చెవిన పడితే అదొక ఓటమి అని అతని లెక్క.

ఇవాళ అతని పథకం చిన్నదే. అందరికంటే ముందు వెళ్లి షెడ్డులో ఒక బ్యాటరీని పక్కకి పడుకోబెట్టాలి. షావుకారు షెడ్డు చూడకుండా వెళ్లరు. చూస్తే, బుర్రున్నోడి నిర్వాకం ఆయన కళ్లతో ఆయనే చూస్తారు. తను నోరు విప్పనక్కర్లేదు.

అనుకున్నట్టే వెళ్లాడు. చివరి బ్యాటరీని రెండు చేతులా పట్టి వంచాడు. అది అతను అనుకున్నదానికంటే చాలా బరువు. చెక్క మీంచి జారి ధబ్బున పడింది. మూత సందులోంచి ఏదో నీళ్లలాంటిది చిమ్మి పంచె మీద పడింది. గాభరాపడి కండువాతో పంచె తుడుచుకున్నాడు, చేతులు తుడుచుకున్నాడు, నేల మీద తడి కూడా అద్దాడు. చేతులు కాస్త మండితే కుళాయి దగ్గర బాగా కడుక్కున్నాడు. కండువా దులిపి ఎండలో పట్టుకుంటే చూస్తుండగానే ఆరింది. ఎక్కడా మరక లేదు. పొందూరు నూలంటే మాటలా అనుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు.

షావుకారు వచ్చారు. జోగయ్యని కుర్చీలో కూర్చోబెట్టారు. పళ్లెంలో పూలదండ ఉంది, నిమ్మపండు ఉంది, కండువా లేదు. అది తెచ్చే పని సోములుది. బజారుకి వెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదు. షావుకారు గడియారం చూసుకున్నారు.

నరసింగరావు ముందుకి అడుగు వేశాడు. ఇలాంటి అవకాశం అతను కలలో కూడా కోరుకోలేదు. తన భుజం మీద కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులా అందించాడు.

"బాబూ, ఆడి కోసం సూస్తే ముహూర్తం దాటిపోద్ది. ఇది ఇవాళే విప్పిన మడత. పొందూరుది."

షావుకారు మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు కోసం నరసింగరావు పంచె కూడా ఇచ్చేసేవాడే. షావుకారు కండువా విప్పి జోగయ్య భుజాల మీద కప్పి, రెండు కొసలూ పట్టుకుని ముందుకు లాగారు. రెండు కొసలూ ఆయన చేతుల్లోకి వచ్చేశాయి. మిగతాది జోగయ్య వీపు మీద ఉండిపోయింది. జోగయ్య కంగారుగా దాన్ని పట్టుకోబోతే అదీ పీలికలైంది.

చప్పట్లు కొట్టబోయినవాళ్ల చేతులు అలాగే ఆగిపోయాయి. సన్మానంనాడు చిరుగుల కండువా కప్పించుకున్న జోగయ్య ముఖం చూడలేక నరసింగరావు నేతవాళ్లని తిట్టడం మొదలుపెట్టాడు. తిడుతూ కూర్చోబోయి, మోకాలి దగ్గర పంచె పైకి లాక్కున్నాడు. లాగిన గుడ్డ లాగినట్టే చేతిలోకి వచ్చింది.

ఊడ్చే తవిటమ్మ వాకిట్లోంచి చూసి, మెల్లగా అంది. "బాబూ, నీ పంచె వలైపోనాది."

అప్పుడే సోములు అసలు కండువాతో ఆయాసపడుతూ వచ్చాడు. పీలికలు చూశాడు, నరసింగరావు మోకాళ్లు చూశాడు.

"గురువుగారూ, ఇది ఆసిడ్డు. షెడ్డులోకి ఎల్లారా?"

అందరూ షెడ్డుకి నడిచారు. చివరి బ్యాటరీ పక్కకి పడి ఉంది. షావుకారు కనుబొమలు ముడిచి నరసింగరావు వైపు తిరిగారు. తాళాల గుత్తి నరసింగరావు కళ్ల ముందు ఒక్కసారి మెరిసి మాయమైంది. నిజం తప్ప ఇంకేదైనా ఫర్వాలేదనిపించింది.

"పొద్దున్నే వస్తే పడిపోయి ఉన్నాది బాబూ. నిలబెడదామని పట్టుకున్నాను. బరువాగలేకపోనాను" అన్నాడు.

సోములు తల వంచేసుకున్నాడు. "రాత్రి నేనే సరిగ్గా పెట్టలేదేమో బాబూ. తప్పు నాదే" అన్నాడు. ఆ కళ్లలో నీళ్లు చూసి నరసింగరావు జాలిపడాల్సింది. పడలేదు. ఏడాదిగా గొంతులో ఉన్న ముల్లు దిగిపోయినట్టయింది. చెయ్యి దానంతటదే తాళాల గుత్తి వైపు కొంచెం సాగింది.

షావుకారు జోగయ్య దగ్గర తాళాల గుత్తి తీసుకున్నారు. దాంట్లోంచి ఒకే ఒక్క చిన్న తాళంచెవిని విడదీశారు.

"సోములుకి ఈ షెడ్డు మీద శ్రద్ధ తగ్గింది. నువ్వయితే పాత బ్యాటరీ కోసం కొత్త బట్టలు లెక్కచెయ్యలేదు. ఇకనించి ఈ షెడ్డు నీదే నరసింగరావూ. రోజూ ఒక్కోటీ నీ సేత్తో సరిసూసుకో" అని ఆ తాళంచెవి అతని అరచేతిలో పెట్టారు. మిగతా గుత్తి సోములు చేతిలో పెడుతూ, "లోపలి స్టోర్సంటే కాయితాలే కదా, అయ్యి నువ్వు సూసుకో" అన్నారు.

సాయంత్రం గోనెపట్టా చుట్టుకుని ఇంటికొచ్చిన మొగుణ్ణి నారాయణమ్మ ఎగాదిగా చూసింది. తాళంచెవి దగ్గర చూపు ఆపి, వాకిట్లోనే స్నానానికి నీళ్లు పెట్టింది. మర్నాటి నుంచి నరసింగరావు, కుళ్లుమోతు వెధవ ఎవడైనా లోపల దూరి తన బ్యాటరీ పడదోస్తాడేమోనని, గంటకోసారి వెళ్లి షెడ్డు తాళం లాగి చూసుకోవడం మొదలుపెట్టాడు.