బస్సు కండక్టరుకు నేను పెట్టిన కొత్త పేరు

దరఖాస్తులో ‘మీ గురించి వెయ్యి మాటల్లో రాయండి’ అని అడిగే గడి మానవజాతికి దక్కిన వరం. నవ్వకండి. ఆ గడే లేకపోతే ఈ లోకంలో మామూలు పని చేసేవాళ్లు ఇంకా మిగిలి ఉండేవారు!

మా అక్క సంగతే తీసుకోండి. పన్నెండేళ్లు సిటీ బస్సులో కండక్టరు. ముప్పై నాలుగో ఏట అది మానేసి నర్సింగ్ చదివింది. ఆరేళ్లు వార్డులో చేశాక, రోగిని తానే పరీక్షించి మందు రాసే అర్హత కోసం నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు దరఖాస్తు పెట్టింది. బస్సు సంగతి చూసి పక్కన పడేస్తారేమోనని భయం. ఇంట్లో నాలుగు ముక్కలు రాయగలిగేది నేనే కాబట్టి కాగితం నా చేతికొచ్చింది.

‘బస్సులో టికెట్లు కొట్టేదాన్ని’ అని రాసుకుంది పిచ్చిది! ‘చలనశీల సమాజ నిర్వహణలో పన్నెండేళ్ల నాయకత్వం’ అని దిద్దాను. ‘లోపలికి జరగండి’ అని అరవడం ‘పరిమిత స్థలంలో జనాభా పునర్విన్యాసం’ అయింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను తిట్టడం ‘ప్రమాద నివారణపై ప్రజా చైతన్యం’ అయింది. చివర్లో ఎవరో పెద్దాయన గురించి ఒక పేజీ ఉంది. అందులో నాయకత్వం కనిపించలేదు. కొట్టేశాను.

“అది ఉండనీరా. దానివల్లే నేను నర్సునయ్యాను,” అంది అక్క.

వెనకటి జ్ఞాపకాలకు మార్కులుండవని సర్దిచెప్పాను.

ఈలోగా నా పేరు వార్డంతా పాకి, అదే కోర్సుకు దరఖాస్తు పెడుతున్న మరో ఇద్దరు నర్సులు కాగితాలు పట్టుకొచ్చారు. మునుపు లిఫ్టు నడిపిన నర్సును ‘ఊర్ధ్వగమన సమన్వయకర్త’ను చేశాను. నర్సు కాకముందు హాస్టల్లో వంట చేసినామె ‘సామూహిక పోషణ వ్యూహకర్త’ అయింది. ఆమె తన కాగితం మొత్తం చదువుకుని, ఇది ఎవరి గురించి రాశారని నన్నే అడిగింది.

ఇంటర్వ్యూకు మా అక్కను పిలిచారు. పెద్ద డాక్టరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి, జనాభా పునర్విన్యాసం అంటే ఏమిటని అడిగిందట.

“లోపలికి జరగమనడం మేడమ్. నేను బస్సు కండక్టర్ని,” అంది అక్క.

ఆపైన నేను కొట్టేసిన పేజీ అంతా నోటితోనే చెప్పేసింది. రోజూ ఎక్కే పెద్దాయన ఆ పూట తన స్టాపు పేరు ముద్దముద్దగా పలికాడు. అప్పుడే ఇచ్చిన టికెట్ చేతిలోంచి జారిపోయింది. మూతి పక్కకు లాగుతోంది. జనం తిడుతున్నా అక్క ఎక్కడా ఆపనివ్వకుండా బస్సును ఆస్పత్రికి మళ్లించింది. ఎప్పుడు మొదలైందని అక్కడి నర్సు అడిగితే, జారిపడ్డ టికెట్ చూపించింది. దాని మీద టైముంది: తొమ్మిదీ పది. పక్షవాతానికి ఏ మందు ఇవ్వొచ్చో ఆ టైమును బట్టే తేల్చారు. వారం తర్వాత పెద్దాయన తన కాళ్ల మీద తానే నడిచి ఇంటికెళ్లాడు.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. “పొద్దుట్నుంచీ అందరూ నాయకులే వచ్చారమ్మా. రోగి మొహం చూసిన మనిషివి నువ్వొక్కదానివే. ఇది ఎందుకు రాయలేదు?”

తమ్ముడు వద్దన్నాడని చెప్పి నా పరువు తీసింది అక్క.

సీటొచ్చింది. నేను దిద్దిపెట్టిన మిగతా ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపే రాలేదు. హాస్టల్లో వండినామె, కంచంలో ఎవరెంత వదిలేశారో చూసి ఎవరికి ఒంట్లో బాగోలేదో చెప్పేసేదట. ఆ సంగతి నేను అడగలేదు. గడీ అడగలేదు.

అయినా అది వరమేనంటాను. మాట మార్చను. ఒక్కటే విన్నపం: నేను జబ్బుపడితే మాత్రం, ఆ గడి నింపడం చేతకానివాళ్లెవరినైనా నా మంచం దగ్గరికి పంపండి.