సలోమి సిస్టర్ సర్దుబాటు

ఖాళీగా ఉన్న నాలుగు నర్సు పోస్టుల్లో సలోమి సిస్టర్‌ని సర్దుబాటు చేస్తూ ఉత్తర్వు వచ్చిన సోమవారం నుంచి, ఆ ఏరియా ఆసుపత్రిలో ఆవిడ కుడిచెయ్యి పిల్లల వార్డులోనూ, కాళ్లు క్యాజువాలిటీలోనూ, గొంతు కాన్పుల గదిలోనూ, తల రిజిస్టర్ల దగ్గరా డ్యూటీ చేస్తున్నాయి. ఎడమచెయ్యి మిగిలిపోతే, దాన్ని కట్లు కట్టే గదికి డెప్యుటేషన్ మీద పంపారు.

పనేమీ ఆగలేదు. కుడిచెయ్యి సూది వేస్తే పిల్లలు ఏడవడం మరిచిపోయేవారు. కాన్పుల గదిలో గొంతు ఒక్కటే, "అయిపోవచ్చిందమ్మా, ఇంకొక్కసారి, నా బంగారం కదూ" అంటుంటే తల్లులు ధైర్యం తెచ్చుకునేవారు. అలాంటి మనిషిని ఎన్ని చోట్లకు పంచినా ఆ ప్రేమ మాత్రం తరగలేదు.

నర్సుల కొరతపై ప్రభుత్వ చర్యల ఫలితాలను అంచనా వేయడానికి ఒక కమిటీ వచ్చింది. ఐదు చోట్లా హాజరు సరిచూసి, కొరత తీరిందని రాసుకుంది. అప్పుడు రిజిస్టర్ల దగ్గర తల పెదవులు కదిపింది. మాట వరండా అవతల కాన్పుల గదిలోంచి వినిపించింది.

"శుక్రవారం మా అమ్మాయి ప్రధానమండీ. ఉంగరాలు మార్చుకుంటారు. ఆ ఒక్కపూట నన్ను మొత్తంగా పంపండి బాబూ."

కమిటీ అధ్యక్షుడు వీరభద్రయ్య చెడ్డవాడేం కాదు. తన బీపీ కూడా ఆ కుడిచేతితోనే చూపించుకున్నాడు. "ఒకరికైతే ఇబ్బంది లేదమ్మా. ఐదుగురికీ ఒకేసారి సెలవంటే ఎలా? ఎవరి స్థానంలో మనిషి దొరికితే వాళ్లు వెళ్లండి" అన్నాడు.

సూదుల మధ్య తీరిక చూసుకుని కుడిచెయ్యి ఐదు అర్జీలూ రాసింది. కట్లు తాను కడతానని ఫార్మసిస్టు ఒప్పుకోవడంతో ఎడమచేతికి మాత్రం సగంపూట సెలవు మంజూరైంది. ఈ పద్ధతిని మిగతా జిల్లాలకూ విస్తరించమని కమిటీ సిఫారసు చేసింది.

శుక్రవారం ఎడమచెయ్యి బస్సులో వచ్చింది. కండక్టరు హాఫ్ టికెట్ కొట్టాడు. కూతురు ఎస్తేరు జడలో పూలు సవరించి, ఉంగరాలు మార్చేదాకా భుజం మీదే నిలిచి, సగంపూట అయిపోగానే ఆ పిల్ల బుగ్గ నిమిరి బయలుదేరింది, పాపం. భోజనాలు ఇంకా వడ్డించలేదు.

పెళ్లికొడుకు తల్లి చుట్టూ చూసి, "మీ అమ్మగారు రాలేదేటమ్మా?" అని అడిగింది.

"వచ్చెళ్లిందండి" అంది ఎస్తేరు, స్పిరిట్ వాసన వేస్తున్న బుగ్గ తడుముకుంటూ. "ఉత్తర్వు మొన్నే వచ్చింది గానండి, మా అమ్మ ఇంటికొచ్చేది నా చిన్నప్పట్నుంచీ ఇంతేనండి."