కారే కప్పుకు చందాలు

బరంపురంలో మ్యూజియం కప్పు కారుతోందని ఇకమీదట ఎవరూ బాధపడకూడదు. కారని కప్పులు ఊరినిండా ఉన్నాయి. వాటిని ఎవరైనా టికెట్ కొని చూస్తున్నారా? ఈ సత్యం పప్పుల హోల్‌సేల్ వ్యాపారి భీమేశ్వరరావుకు కాస్త ఆలస్యంగా బోధపడింది.

ఆయన మ్యూజియం అభివృద్ధి కమిటీ అధ్యక్షుడు. తాతగారు దానమిచ్చిన తాటాకు గ్రంథాలు అక్కడ బీరువాలో తడిసిపోతున్నాయని తెలిసి, కప్పు బాగుచేయించడానికి పెద్దబజారంతా తిరిగాడు. ప్రతి దుకాణంలోనూ టీ ఇచ్చారు. చందా ఇవ్వలేదు.

"కప్పు మీద మా పేరేస్తే ఎవులు సూస్తారండీ? కాకులా?" అన్నాడు మిఠాయి దుకాణం తాతారావు.

న్యాయమైన ప్రశ్నే. భీమేశ్వరరావు టీ తాగి లేచాడు.

సరిగ్గా అప్పుడే, ఢిల్లీలో పేరు తెచ్చుకున్న కళాకారుడు రాఘవేంద్ర సొంతూరికి వచ్చాడు. తన కళాఖండం 'మౌనం-ఏడు'ను మ్యూజియం కొనుక్కోవచ్చన్నాడు. మనిషెత్తు ఉప్పు కుప్ప, దాని మీద తలకిందులుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ.

కొత్త వింతను చూడ్డానికి జనం వస్తారు, జనం తడిస్తే కప్పు సంగతి వాళ్లే పట్టించుకుంటారని భీమేశ్వరరావుకు ఆశ పుట్టింది. ధర వినగానే మాత్రం బేరానికి దిగాడు.

"ఉప్పే గదా బాబూ. హుమ్మ ఉప్పుమడుల నుంచి లారీ తెప్పించేస్తాను. కుర్చీ మా కొట్లోదే ఇచ్చేస్తాను."

"అది ఉప్పు సార్. ఇది ఆలోచన," అన్నాడు రాఘవేంద్ర.

ఆలోచన లారీలో రాదు కాబట్టి మళ్లీ చందాలకు బయల్దేరాడు. దాతల పేర్లు నల్లరాతి మీద చెక్కిస్తామనగానే పెద్దబజారుకు కళాతృష్ణ పుట్టుకొచ్చింది! బీమా ఏజెంటు ఒకాయన కుర్చీ కాళ్లకు తన బోర్డు కట్టమన్నాడు. కల్యాణమండపం యజమాని కొత్త జంటలకు అక్కడ ఫోటోలు తీయనివ్వాలన్నాడు. తాతారావు ఒక్క సవరణే కోరాడు.

"ఉప్పుకి డబ్బులిస్తే మా యాపారం ఏటవుద్దండీ? పంచదారతో సెయ్యమనండి."

రాతి మీద తన పేరే మొదట ఉంటుందని మాట తీసుకున్నాక ఉప్పుకు ఒప్పుకున్నాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఆ వెంటనే సముద్రంలో వాయుగుండం పట్టింది. భీమేశ్వరరావు గొడుగేసుకుని మ్యూజియానికి పరుగెత్తేసరికి కుప్ప సగం కరిగిపోయింది. జారిన కుర్చీ నాలుగు కాళ్ల మీద నిలబడింది. అందులో వాచ్‌మన్ పైడన్న కూర్చుని ఉన్నాడు.

దాతలకు మొహం ఎలా చూపించడం? రాఘవేంద్రకు కబురు పెట్టాడు. అతను వచ్చి, చినుకులు పడుతున్న ఉప్పును చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ దీనికి ఏదో తక్కువైందనుకున్నాను సార్. ఇప్పుడు పూర్తయింది. కప్పు ముట్టుకోకండి. కళాఖండంలో దేన్నీ మార్చకూడదని మన ఒప్పందం."

ఆ రోజు ఇంట్లో భీమేశ్వరరావు ముద్ద మింగలేకపోయాడు.

"మరి తాతగారి గ్రంథాలేటవుతాయండీ?" అంది భార్య వాసవీకుమారి.

"ఏటి సెయ్యమంటావు? కప్పు ఇప్పుడు కళ."

ఎండాకాలంలో మరో చిక్కు వచ్చింది. కప్పు కారడం మానేసింది. కళాఖండం దెబ్బతింటోందని రాఘవేంద్ర ఢిల్లీ నుంచి ఫోను మీద ఫోను. కప్పు మీద నీళ్ల ట్యాంకు, పైపు పెట్టి కారించాలి. దానికి చందా అడగడానికి భీమేశ్వరరావు సిగ్గుపడుతూ వెళ్లాడు. సిగ్గెందుకు? ఖర్చంతా తాతారావు ఒక్కడే పెట్టుకున్నాడు.

"సినుకు పడే సోట అందరూ ఆగి సూస్తారండీ. ఆ పక్కనే మా పేరేయండి."

వాసవీకుమారి ఇక ఆగలేదు. మ్యూజియం అధికారి చేత సరేననిపించి, తాటాకు గ్రంథాలను ఆటోలో వేయించి తమ గోదాముకు తెచ్చేసింది. తర్వాత కంచు విగ్రహాలు వచ్చాయి. రాగి శాసనాలు వచ్చాయి. వాటి వెనకే బడిపిల్లలు వరసకట్టి వచ్చారు. భీమేశ్వరరావు బేరాలు ఆపి, బస్తాలు జరిపించి, తాతగారి గ్రంథాలను వాళ్లకు చూపిస్తున్నాడు. చాలాకాలం తర్వాత ఆయనకు అన్నం సహిస్తోంది.

కనుక గంజాం జిల్లా యాత్రికులకు మనవి. వాన చూడదలచినవారు మ్యూజియానికి వెళ్లవచ్చు. మ్యూజియం చూడదలచినవారు పప్పుల గోదాముకు రావాలి. కందిపప్పు దాటాక, ఎడమచేతి పక్క.